దీపం రెండు జానలు జరిపాం

మా ఇంట్లో కత్తెరకి ఒక మేకు ఉండేది. కత్తెర ఆ మేకుకే తగిలించాలి, పక్క మేకుకి తగిలిస్తే అమ్మకి ఒళ్ళు మండిపోయేది. నీళ్ళ గ్లాసు స్టూలు మీద కుడి మూలనే ఉండాలి. చెప్పులు గోడకి ఆనించే విడవాలి. కుర్చీలో కూర్చుని లేస్తే దాన్ని బల్ల కిందికి తోసెయ్యాలి. "తీసిన వస్తువు తీసిన చోటే పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని రోజుకి పదిసార్లు అడిగేది. పదకొండోసారికి నేనూ నోరు చేసుకునేదాన్ని. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మొదటి అంతస్తులో, రెండు గదుల కిరాయి పోర్షన్ మాది. నాన్న ఒక లారీ ఆఫీసులో గుమాస్తా, ఉద్యోగం వేరే ఊళ్ళో, ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఆ రెండు గదుల్లో రెండు కోపాలు కాపురం చేసేవి.

ఈ పట్టింపు అమ్మకి మొదటినుంచీ ఉన్నది కాదు. ఒక ఏడాదిగా పట్టుకుంది. వయసు మీద పడితే మనుషులకి ఇట్లాంటివి పుడతాయి కాబోలు అనుకున్నాను. అమ్మకి అప్పుడు నలభై ఏడు. ఇరవై ఏళ్ళ పిల్లకి అది వయసు మీద పడటంలాగే కనిపిస్తుంది.

అమ్మ ఆబిడ్స్‌లో మ్యాచింగ్ సెంటర్లకి చీరల ఫాల్స్ కుట్టిచ్చేది, జాకెట్లకి హుక్కులు వేసేది. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేది, అదీ మొదటిసారికే. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి. నేను ఏడాదంతా మోసపోయింది దీన్ని చూసే.

అప్పుడు నేను నాంపల్లిలోనే ఒక డిగ్రీ కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి ఒక హారర్ సినిమా ప్రారంభం తీయాలి. మొత్తం సినిమా కాదు, మొదటి రెండు నిమిషాలే. తీశాక ఆ రెండు నిమిషాలకీ కథన సిద్ధాంతాన్ని అన్వయిస్తూ ఇరవై పేజీలు రాయాలి. రెండు నిమిషాలకి ఇరవై పేజీలేంటి మేడమ్ అని గొణిగితే, మాకు ఆ పాఠం చెప్పే మేడమ్ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "తీసుడు అందరికొస్తది బిడ్డా. ఏం తీసినమో తెల్సుకునుడే కష్టం" అన్నారు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషి, మా మీద విసుగుతో అంటున్నారనుకున్నాను.

సిద్ధాంతం కోసం ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో గంటసేపు వెతికి ఒకటి తెచ్చుకున్నాను. అందులో ఎవరో పండితుడు చెప్పినదాని ప్రకారం ప్రతి కథా ఒక సమస్థితిలో మొదలవుతుంది. అంటే అంతా సజావుగా ఉన్నట్టు. తర్వాత దానికి భంగం కలుగుతుంది. మూడోది, భంగం కలిగిందని ఎవరో ఒకరు గుర్తిస్తారు. నాలుగోది, దాన్ని చక్కదిద్దాలని చూస్తారు. చివరికి ఒక కొత్త సమస్థితి వస్తుంది, కానీ అది పాతదానిలా ఉండదు. ఆ పుస్తకాన్ని అంతకుముందు చదివినవాళ్ళెవరో మొదటి దశ పక్కన పెన్సిల్‌తో తెలుగులో "అన్నీ ఎక్కడివక్కడ" అని రాసుకున్నారు. అది చూసి నవ్వొచ్చింది. ఇదేదో మా అమ్మ రాసినట్టుందే అనుకున్నాను.

నాతో జట్టు కట్టిన పిల్లది ఆబిడ్స్‌లో గడియారాల కొట్టున్న కుటుంబం. ఇంట్లో మార్వాడీ, బజార్లో ఉర్దూ, నాతో తెలుగు. కెమెరా తనది, కథ నాది. కథ అంటే ఎంత? ఒక అమ్మాయి చదువుకుంటూ ఉంటుంది. వెనక దేవుడి దగ్గర దీపం వెలుగుతూ ఉంటుంది. తల్లి వచ్చి దేవుడి ముందు పువ్వు పెట్టి వెళ్ళిపోతుంది. కాసేపటికి ఆ దీపం, గాలి లేకుండానే, దానంతటదే ఆరిపోతుంది. అమ్మాయి వెనక్కి తిరుగుతుంది. అంతే, టైటిల్. సమస్థితికి దీపం వెలగడం, భంగానికి దీపం ఆరడం. సిద్ధాంతానికి సరిగ్గా కుట్టిన జాకెట్‌లా సరిపోయింది.

తల్లి వేషం అమ్మ చేత వేయించాలన్నది నా ఆలోచనే. "నాకెందుకే ఈ వేషాలు" అని రెండు రోజులు బతిమాలించుకుని చివరికి ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. "ఇంట్లో వస్తువులు మాత్రం జరపకండి. ఎక్కడివి అక్కడే ఉండాలి." సరే అన్నాం. దేవుడి దగ్గర ప్రమాణం చేసినంత గట్టిగా అన్నాం.

హారర్‌కి చీకటి కావాలి. చీకటి పడ్డాక చప్పుడు చేస్తే కింద ఓనర్ వాళ్ళు ఊరుకోరు. అందుకని మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కిటికీలకి బొంతలు కట్టి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కి, గదిని చీకటి చేశాం. బయట సందులో బత్తాయిల బండివాడు అరుస్తూనే ఉన్నాడు. లోపల మాకు నవ్వాగడం లేదు. మా దేవుళ్ళు గోడకి బిగించిన కడప బండ మీద ఉంటారు. బండకి సరిగ్గా మధ్యలో ఇత్తడి దీపపు కుంది. నేను పుట్టినప్పటినుంచీ అది ఆ మధ్యలోనే ఉంది.

నా జట్టుపిల్ల కెమెరాలోంచి చూసి మొహం అదోలా పెట్టింది. "దీపం నడుమ ఉంటే ఫోటో తీసినట్టుంటది యార్. జర కిటికీ దిక్కు జరుపు" అంది. అమ్మ లోపలి గదిలో చీర మార్చుకుంటోంది. నేను గబగబా కుందిని రెండు జానలు కిటికీ వైపుకి జరిపాను. ఫ్రేమ్ అందంగా వచ్చింది. అమ్మ చూసి తిట్టిపోస్తుందని లోపలి గది తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. అమ్మ వచ్చింది, బండ ముందు నిలబడింది, ఏమీ అనలేదు. బతికిపోయాం అనుకున్నాను.

మొదటి టేకులో అమ్మ కెమెరా స్టాండు కాలు తన్నుకుని పడబోయింది. "దారికి అడ్డంగా పెట్టుకుని కూర్చుంటారేంటే, ఇట్లాంటివి పెట్టేటప్పుడు చెప్పొద్దూ" అని ఇద్దర్నీ చెరిగేసింది. రెండోదాంట్లో ఆ పిల్లకి నవ్వొచ్చింది. మూడోది బాగా వచ్చింది. అమ్మ పువ్వు పట్టుకుని నడిచి వచ్చింది. బండ మధ్యలోకి చూసింది. పువ్వు పట్టుకున్న చెయ్యి ముందుకి వెళ్తూ వెళ్తూ గాలిలో ఆగిపోయింది. మేము మాటలేవీ రాయలేదు, అయినా అమ్మ మెల్లగా, తనలో తను అనుకున్నట్టుగా అంది.

"దీపం కొండెక్కింది."

తర్వాత ఎడమ చేత్తో బండ అంచు తడిమి, పటం ముందు పువ్వు పెట్టి వెనక్కి తిరిగింది. దీపం పక్కనే నిలువుగా, నిశ్చలంగా వెలుగుతోంది.

"ఆంటీ, సూపర్!" అని ఆ పిల్ల అరిచింది. అమ్మ నా వైపు తిరిగి, "నూనె పొయ్యనా?" అని అడిగింది. "వద్దమ్మా, బాగుంది. అట్లనే ఉండనీ" అన్నాను నేను.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. కొండెక్కడం అంటే నాకు తెలిసింది పైకి వెళ్ళడం. ధరలు కొండెక్కాయి అని పేపర్లో రాస్తారు కదా, దీపం కూడా అట్లాగే, మంట పైకి లేచి బాగా వెలుగుతోందని అర్థం అనుకున్నాను. ఈ మాట అమ్మకి అమ్మమ్మ నుంచి వచ్చింది. అమ్మమ్మ వాళ్ళది గుంటూరు వైపు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రోజుల్లో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఆవిడ నోట ఒకటి రెండుసార్లు విన్నాను గానీ, అర్థం అడిగిన పాపాన పోలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకి తెలుగు తెలియకపోవడం కన్నా, తెలుసనుకోవడం ఎక్కువ. నా జట్టుపిల్ల అర్థమేంటని అడిగితే నేనే పెద్ద పండితురాలిలా వివరించాను. పైగా కింద ఇంగ్లీషులో సబ్‌టైటిల్ కూడా నేనే వేశాను, దీపం ధగధగా వెలుగుతోందని.

ఎడిటింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో రెండు నెలలు సాగింది. ఒక్కటే కంప్యూటర్ సరిగ్గా పనిచేసేది, దానికి వంతులు. ఆ షాట్‌ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అమ్మ చెయ్యి గాలిలో ఆగిన చోటు మా ఇద్దరికీ తెగ నచ్చింది. ఒళ్ళు జలదరిస్తుందని ఆ ఆగడాన్ని ఇంకొక సెకను సాగదీశాం. కింద సన్నగా ఒక ఈల లాంటి చప్పుడు కలిపాం. మా అమ్మ చెయ్యి దీపాన్ని వెతుక్కుంటుంటే నేను దానికి సంగీతం వేశాను.

ఆ రెండు నెలల్లోనే ఒకరోజు కోఠి బస్టాపులో అమ్మ ఎడమ పక్కనుంచి వస్తున్న ఒకతన్ని గుద్దుకుంది. అతని చేతిలో సంచీ కిందపడింది. "ఏందమ్మా, కండ్లు కనవడ్తలేవా?" అని కసిరాడు. అమ్మ ఎవరిచేతా ఒక్క మాట పడే మనిషి కాదు. అట్లాంటిది ఆ రోజు తలొంచుకుని నిలబడింది. అమ్మ తరఫున నేనే అతనితో గొడవపడ్డాను, నలుగురూ పోగయ్యేదాకా. ఇంటికొచ్చాక అమ్మ, "రేపటినుంచి ఆబిడ్స్ కొట్లకి చీరలు నువ్వు ఇచ్చిరావే, ఆ రోడ్డు దాటాలంటే నాకు విసుగ్గా ఉంటోంది" అంది. నా ప్రాజెక్టు ఎవరు రాస్తారని ఎగిరిపడ్డాను. మూడు నాలుగుసార్లు మొహం మాడ్చుకుని వెళ్ళొచ్చాను. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు అమ్మ, ఎట్లా వెళ్ళొచ్చేదో వెళ్ళొచ్చేది.

ఇరవై పేజీల్లో మూడు పేజీలు ఆ మొదటి షాట్ గురించే రాశాను. ఇది సమస్థితికి చక్కని ఉదాహరణ అని, తల్లి రోజూ చేసే పనిని రోజూ చేసినట్టే చేస్తుందని, ఆమె నోటి వెంట వచ్చిన ఒకే ఒక్క మాట కూడా దీపం వెలుగుని నిర్ధారిస్తుందని రాశాను. ప్రేక్షకుడికి ఇక్కడ ఏ ప్రమాదమూ కనిపించదు అని కూడా రాశాను. ఈ చివరి వాక్యం కింద గీత కూడా గీశాను.

వైవా రోజు పొద్దున పదింటికి మేడమ్ మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. గోడ మీద మా సినిమా వేశారు. కిటికీలోంచి నాంపల్లి స్టేషన్ అనౌన్స్‌మెంట్లు వినబడుతున్నాయి. రెండు నిమిషాలూ అయ్యాక మేడమ్ ముఖం వెలిగిపోయింది. ఆవిడ ఎవర్నీ తేలిగ్గా మెచ్చుకోరు.

"మస్తు చేసిన్రు. గానీ రాసింది తప్పు. భంగం రెండో దశల పెట్టినమని రాసిన్రు, మీరు మొదటి షాట్‌లనే పెట్టిన్రు గదా. గీ మాట ఎవరు రాసిన్రు?"

"ఏ మాట మేడమ్?"

"దీపం కొండెక్కింది అని."

"ఎవరూ రాయలేదు మేడమ్. మా అమ్మే అప్పటికప్పుడు అనేసింది. దీపం బాగా వెలుగుతోందని."

మేడమ్ నవ్వారు. "కొండెక్కుడంటే వెలుగుడు గాదు బిడ్డా, ఆరిపోవుడు. దీపం ఆరిపోయిందని నోటితోని అనొద్దని గట్లంటరు." అని మళ్ళీ గోడ వైపు తిరిగారు. "అందుకే అంటున్న. ఎదురుంగ దీపం వెలుగుతాంది, ఆమెనేమో ఆరిపోయింది అంటాంది. చూసెటోళ్ళకు గాడనే కడుపుల భయం పుడ్తది. నేను ఇన్నేండ్లల్ల..."

ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. షాట్‌ని మళ్ళీ వెనక్కి తిప్పారు. అమ్మ వచ్చింది, మధ్యలోకి చూసింది, చెయ్యి ఆగింది, మాట అంది, అంచు తడిమింది. మళ్ళీ వెనక్కి తిప్పారు. ఈసారి చప్పుడు తీసేసి చూశారు.

"దీపం రోజు ఏడుంటది మీ ఇంట్ల?"

"మధ్యలో మేడమ్. ఫ్రేమ్ కోసం మేమే కొంచెం జరిపాం."

"ఎంత?"

నేను చేత్తో చూపించాను, రెండు జానలు.

"అమ్మకు జెప్పిన్రా?"

లేదని తలూపాను. మేడమ్ రిమోట్ బల్ల మీద పెట్టేశారు. ఆవిడ ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. "యాక్టింగ్ గాదు ఇది. ఆమెకు దీపం కనవడలే" అన్నారు మెల్లగా. "మార్కుల ఫికర్ జెయ్యకు. ఇంటికి పో."

కాలేజీ నుంచి మా సందుకి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లో కత్తెర మేకు, స్టూలు మీద గ్లాసు, గోడకి చెప్పులు, బల్ల కింద కుర్చీ, కోఠి బస్టాపు, స్టాండు కాలు, అన్నీ వరసగా వచ్చి మీద పడ్డాయి. నేను ఏడుస్తూ నడుస్తున్నానని ఒక పండ్ల బండి ఆమె "ఏమైంది బిడ్డా" అని అడిగేదాకా నాకు తెలీదు.

తలుపు తీసే ఉంది. అమ్మ కిటికీ వెలుగులో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే ఎక్కింది. చప్పుడు కాకుండా వెళ్ళి ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాను. అమ్మ తల ఎత్తలేదు. చెయ్యి చాపి అమ్మ చెవికి సూటిగా వేళ్ళు ఆడించాను. సూది దిగింది, వచ్చింది, మళ్ళీ దిగింది. వేళ్ళని కొంచెం ముందుకి తెచ్చాను. ఇంకొంచెం తెచ్చాను. దాదాపు ముక్కు దగ్గరికి తెచ్చాక అమ్మ అదిరిపడి వేలు గుచ్చుకుంది.

"ఎప్పుడొచ్చావే నువ్వు? దయ్యంలాగా!"

ఆ మాటకి నాకు నవ్వు రాలేదు.

మర్నాడు కంటి దవాఖానకి తీసుకెళ్ళాను. రానంది. "సూదిలో దారం ఎక్కిస్తున్న మనిషికి కళ్ళకేమొచ్చిందే" అని వాదించింది. అదే వాదనతో ఏడాదిగా తనని తను కూడా ఒప్పించుకుంటూ వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. అక్కడొక పరీక్ష చేశారు. మసక గదిలో ఒక తెల్లటి మిషను, పెద్ద గిన్నెని పక్కకి తిప్పి పెట్టినట్టుంది. దానికి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, నడుమ చుక్కనే చూడాలి. ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలో బటన్ నొక్కాలి. నన్ను మిషను నడిపే అమ్మాయి పక్కన కూర్చోమన్నారు. ఏ వెలుగు ఎక్కడ వస్తోందో తన తెరమీద నాకు కనిపిస్తోంది.

నడుమ వెలుగొచ్చింది, అమ్మ నొక్కింది. నడుమనే ఇంకోటి, నొక్కింది. పక్కన ఒకటొచ్చింది, చప్పుడు లేదు. ఇంకోటి, లేదు. ఇంకోటి, లేదు. ఎడమంతా వెలుగులు వచ్చి పోతున్నాయి, అమ్మ మాత్రం బటన్ పట్టుకుని బుద్ధిగా, మంచి విద్యార్థిలాగా కూర్చుని ఎదురుచూస్తోంది.

"నొక్కమ్మా" అంది ఆ అమ్మాయి.

"వస్తే నొక్కనా ఏంటి?" అంది అమ్మ.

నేను రెండు నిమిషాల్లో భయం పుట్టించాలని రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. అంతకన్నా భయం ఆ ఒక్క మాటలో ఉంది.

గ్లకోమా అన్నారు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపుని అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట. నడుమ చూపు ఆఖరిదాకా ఉంటుంది కాబట్టి సూదులూ దారాలూ పేపర్లూ అన్నీ బాగానే కనిపిస్తాయట. ఎడమ కంట్లో చాలా పోయింది, కుడి కంట్లో సగం. "పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకోవాలి. చుక్కలు జీవితాంతం, ఒక్కపూట కూడా మానొద్దు" అన్నారు. నేను అడక్కూడని ప్రశ్న ఒకటి అడిగాను. రెండు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే? ఆయన నా ముఖం చూసి, మంచాయన, "ఎంత ముందొస్తే అంత మంచిది" అని మాత్రం అన్నారు. ఆ జవాబుని నేను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉంటాను.

వరండాలో బెంచీ మీద అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తెలుసే నాకు, ఏదో తేడాగా ఉందని. నీరసం అనుకున్నా. చెప్తే కుట్టు మానెయ్యమంటారు, నాన్న ఉద్యోగం వదిలి వచ్చేస్తానంటాడు, నువ్వు చదువు పాడుచేసుకుంటావు. వస్తువులు కదలకుండా ఉంటే నాకేం ఇబ్బంది లేదు. ఇంట్లో నేను బాగానే ఉన్నా." నాకు కోపమొచ్చింది, అమ్మ మీద, నా మీద, మూడు పేజీల మీద. ఆ బెంచీ మీదే అమ్మని తిట్టాను. తిడుతూ ఏడ్చాను. పక్కన కళ్ళకి కట్లున్న ముసలాయన ఒకాయన ఎవరు ఏడుస్తున్నారని ఎవర్నో అడుగుతున్నాడు.

ప్రాజెక్టు మళ్ళీ రాశాను. ఈసారి నాలుగు పేజీలే వచ్చాయి. మొదటి షాట్ సమస్థితి కాదని రాశాను. ఆ ఇంటికి భంగం కలిగి అప్పటికే ఏడాది అయిందని, తల్లి ఒక్కతే దాన్ని చక్కదిద్దుకుంటూ వస్తోందని, కూతురు మొదటి దశ అని పేరు పెట్టిన రోజున తల్లి నాలుగో దశలో ఉందని రాశాను. అన్నీ ఎక్కడివక్కడ ఉండటం ఆమెకి ప్రశాంతత కాదు, చేతికర్ర. మేము ఆ చేతికర్రని రెండు జానలు జరిపాం. మేడమ్ ఆ కాగితాల మీద ఏమీ రాయలేదు, సంతకం పెట్టి ఇచ్చారు. ఎన్ని మార్కులొచ్చాయో గుర్తుంది గానీ చెప్పబుద్ధి కాదు.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. నేను ఇప్పుడు ఆబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. చుక్కలు పనిచేస్తున్నాయి, కుడి కన్ను నిలబడింది. అమ్మ కుట్టు కొంచెం తగ్గించింది గానీ మానలేదు. రోడ్డు దాటేటప్పుడు నేను ఎడమ పక్కన నడుస్తాను. ఇంట్లో కత్తెర ఆ మేకుకే ఉంటుంది, ఇప్పుడు నాన్న పక్క మేకుకి తగిలిస్తే అరిచేది నేను.

ఆ సినిమాని మాత్రం అమ్మకి చూపించలేదు. అడిగినప్పుడల్లా కాలేజీలోనే ఉండిపోయిందని, ఫైలు పాడైందని ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాను. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున చుక్కలు వేశాక, కళ్ళు మూసుకునే పడుకుని, "నీ ఫోనులో ఉందంట కదే, నీ జట్టుపిల్ల చెప్పింది" అంది. ఇక దాచి లాభం లేదు. కళ్ళు తెరిచాక ఫోను చేతికిచ్చాను. అమ్మ దాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూసింది.

చూస్తూ చూస్తూ చిన్నపిల్లలా నవ్వింది. "ఇందులో ఇల్లంతా ఒక్కసారే కనబడుతోందే!" అంది. నిజమే. అంత చిన్న బొమ్మ కాబట్టి అమ్మకి మిగిలిన చూపులో గది మొత్తం పట్టింది. "అదిగో కిటికీకి బొంత. అదిగో క్యాలెండర్. అయ్యో, నా పాత ఆకుపచ్చ చీర" అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తోంది. మామూలుగా తల అటూ ఇటూ తిప్పుకుంటూ ముక్కలు ముక్కలుగా ఏరుకునే ఇల్లు అది.

ఫోనులో అమ్మ పువ్వు పట్టుకుని వచ్చింది. చెయ్యి ఆగింది. దీపం కొండెక్కింది అంది.

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఫోను దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ దూరం పట్టుకుంది.

"వెలుగుతూనే ఉంది కదే" అంది. "మీరు సినిమా కోసం ఆర్పేశారేమో అనుకున్నా నేను."

అమ్మ వేలు తెర అడుక్కి జారింది.

"కింద ఇంగ్లీషులో ఏం రాసుంది?"

"దీపం బాగా వెలుగుతోంది అని."

"ఎవరు రాశారు?"

"నేనే."

అమ్మ తెర మీంచి చూపు నా వైపుకి తిప్పింది. అడగడంలో కోపమేమీ లేదు, కత్తెర ఎక్కడ పెట్టావు అన్నట్టే అడిగింది. "నీకు కనబడింది కదా. మరి నాకు అప్పుడే చెప్పలేదేం?"

నువ్వన్నదీ అదే అనుకున్నానమ్మా, అన్నాను. కొండెక్కడమంటే వెలగడమనుకున్నాను. అమ్మ నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అవేవీ చెయ్యలేదు. ఇంకోసారి పెట్టమంది.